ఏడో రోజు క్యూబు: సైట్ రిపోర్టు ఎప్పుడు పనికొస్తుంది?

(రాజమహేంద్రవరంలో యువ సైట్ ఇంజినీర్ల కోసం ఒక విశ్రాంత ప్లానింగ్ ఇంజినీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే ఇప్పుడే చెప్పండి బాబూ, అంతా అయ్యాక చెబితే నేనేం చేయలేను. నవ్వుతున్నారు గానీ, ఇవాళ నేను చెప్పబోయేది కూడా దాదాపు ఇదే.

ఇక్కడ రోజూ డీపీఆర్ పంపేవాళ్లు ఎంతమంది? అదే, డైలీ ప్రోగ్రెస్ రిపోర్టు. చేతులెత్తండి. ఇంచుమించు అందరూ. మంచిది. మరి మీరు పంపిన డీపీఆర్ చదివి, పైవాళ్లు ఫోన్ చేసి, "ఏంటిది, ఇలా ఉంది, ఏం చేద్దాం?" అని అడిగింది ఎంతమందిని? ఇద్దరు. అక్కడ ఆ అమ్మాయి, ముగ్గురు. అంతేనా? మిగతావాళ్ల రిపోర్టులు ఎక్కడికి పోతున్నాయి? వాట్సాప్ గ్రూపులోకి. రాత్రి తొమ్మిదింటికి మీరు పెడతారు, కింద ఒక బొటనవేలు గుర్తు పడుతుంది, అయిపోయింది. తెల్లారితే మళ్లీ నిన్నటి షీటే, తేదీ మార్చి.

రిపోర్టు పంపడం వేరు, సమయానికి పంపడం వేరు. సమయానికి అంటే ఆరింటికా, తొమ్మిదింటికా అని కాదు. ఆ కబురు చేరేసరికి అవతలివాడు చేయడానికి ఇంకా ఏమైనా మిగిలి ఉందా? మిగిలి ఉంటే అది రిపోర్టు. మిగలకపోతే పంచాయితీలో చూపించుకోవడానికి పనికొచ్చే కాగితం. అదీ కావాల్సిందేననుకోండి, కానీ దాంతో పని ముందుకు పోదు.

మనందరికీ తెలిసిన ఒక విషయంతో మొదలుపెడతాను. క్యూబులు. స్లాబ్ వేసిన రోజు కాంక్రీటు తీసి 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చుల్లో పోస్తాం. మర్నాడు అచ్చు విప్పి నీళ్ల తొట్టిలో వేస్తాం. కాంక్రీటుకి ఎంత బలం వచ్చిందో చూడటానికి మూడు క్యూబులు ఏడో రోజు పగలగొడతాం, మూడు ఇరవై ఎనిమిదో రోజు. అవునా? మరి మన ఐఎస్ 456, అంటే కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే కోడ్, కాంక్రీటు పాసా ఫెయిలా అని తేల్చేది ఏ రోజు ఫలితాన్ని బట్టి? ఇరవై ఎనిమిదో రోజుది. మరి ఏడో రోజు ఎందుకండీ పగలగొట్టడం? లెక్కలోకి రాని పరీక్షకు మూడు క్యూబులు దండగ కదా?

ఆలోచించండి. ఇరవై ఎనిమిది రోజులు ఆగితే ఏమవుతుంది? ఈలోపు ఆ స్లాబ్ మీద సెంట్రింగ్ కొడతారు, పైన ఇంకో స్లాబ్ వేస్తారు. స్పీడుగా పోయే సైట్ అయితే దానిపైన మూడోది కూడా మొదలవుతుంది. అప్పుడొస్తుంది ల్యాబ్ నుంచి కాగితం. చక్కగా టైపు చేసి, స్టాంపు వేసి, దశాంశ స్థానాలతో సహా. కింది స్లాబ్ ఫెయిల్! ఇప్పుడేం చేస్తారు? స్లాబ్‌లోంచి డ్రిల్లుతో ముక్కలు, అదే కోర్లు, తీసి పరీక్షించాలి, బరువు పెట్టి లోడ్ టెస్టు చేయాలి, కన్సల్టెంట్‌ని పిలవాలి, బతిమాలాలి, అవసరమైతే కొట్టేయాలి. కబురు నిజమే, అంకె కూడా కచ్చితమే. కానీ దాని మీద రెండు అంతస్తుల బరువు ఎక్కి కూర్చుంది.

అదే ఏడో రోజు? ఎం25 కాంక్రీటు అనుకోండి, అంటే ఇరవై ఎనిమిదో రోజుకి చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం రావాల్సింది. ఏడో రోజుకి అందులో సుమారు మూడింట రెండు వంతులు, అంటే పదహారు పదిహేడు న్యూటన్లు రావాలి. పదకొండే వచ్చింది. అంతమాత్రాన కాంక్రీటు పోయినట్టేనా? కాదు. పీపీసీ, అంటే ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటు అయితే మొదట్లో బలం నెమ్మదిగానే వస్తుంది, తర్వాత పుంజుకోవచ్చు. అది పక్కా అంకె కాదు, ఒక అనుమానం మాత్రమే. కానీ ఆ అనుమానం వచ్చిన రోజున మన చేతిలో ఎన్ని పనులున్నాయో చూడండి. తర్వాతి పోర్, అంటే కాంక్రీటు పోయడం, ఆపొచ్చు. సిమెంటు లాట్ చూడొచ్చు. మిక్సర్ దగ్గర కుర్రాడు నీళ్లు ఎక్కువ కొడుతున్నాడేమో నిలదీయొచ్చు. పైన సెంట్రింగ్ ఎక్కించకుండా ఇంకో వారం ఆగొచ్చు. ఇరవై ఎనిమిదో రోజున ఇందులో ఒక్కటైనా మిగులుతుందా?

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకంటారే, అదీ ఏడో రోజు క్యూబు చేసే పని. మీ నుంచి నేను అడిగేది ఇరవై ఎనిమిదో రోజు రిపోర్టు కాదు, ఏడో రోజు రిపోర్టు. కచ్చితంగా తేలాక చెబుదాంలే అని కూర్చోకండి. మోటుగా ఉన్నా ఫరవాలేదు. "సార్, అనుమానంగా ఉంది" అంటే చాలు. మన వాళ్లకు ఇది భలే కష్టం. చదువుకునే రోజుల నుంచి తప్పు లేని జవాబు రాయడమే మనకు నేర్పారు, సగం తెలిసిన జవాబు చెప్పడం ఎవరూ నేర్పలేదు.

బెర్లిన్‌లో జరిగింది చూడండి

ఇది చిన్న సైట్లకేలే, పెద్ద ప్రాజెక్టుల్లో సిస్టమ్స్ ఉంటాయి, సాఫ్ట్‌వేర్లు ఉంటాయి అనుకుంటున్నారు కొందరు. మీ మొహాల్లో కనబడుతోంది. సరే, జర్మనీ వెళ్దాం. పని అంటే జర్మనీ, టైమ్ అంటే జర్మనీ అని మనం చెప్పుకుంటాం కదా.

బెర్లిన్‌కి కొత్త ఎయిర్‌పోర్ట్. బ్రాండెన్‌బర్గ్ ఎయిర్‌పోర్ట్ అంటారు. 2006లో పని మొదలైంది. అప్పటికే ఒకసారి వాయిదా పడి, 2012 జూన్ 3న ప్రారంభం అని ప్రకటించారు. విమానయాన సంస్థలు కొత్త ఎయిర్‌పోర్ట్ పేరు మీద టికెట్లు అమ్మేశాయి. షాపులవాళ్లు సరుకు, మనుషులు సిద్ధం చేసుకున్నారు. పాత టెగెల్ ఎయిర్‌పోర్ట్‌ను ఆ రాత్రికి రాత్రే మూసేసి, సామాన్లన్నీ లారీల్లో కొత్తదానికి తరలించాలని ప్లాన్.

మే 8వ తేదీన విలేఖరుల్ని పిలిచి చెప్పారు: ప్రారంభం లేదు. ఇంకా 26 రోజులు కూడా నిండా లేవు! కారణం ఏమిటి? మంటలొస్తే పొగను బయటికి లాగే వ్యవస్థ సిద్ధం కాలేదు. మామూలుగా పొగ పైకి పోతుంది కదా, అక్కడ భవనం అందం చెడకూడదని కొంత పొగను కిందికి లాగి నేల అడుగు నుంచి పంపేలా డిజైన్ చేశారు. ఆ ఫ్యాన్లు, తలుపులు, సెన్సర్లు, అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. మాట్లాడుకోలేదు. దానికి వాళ్లు ఆలోచించిన తాత్కాలిక ఉపాయం వింటే మీరు నమ్మరు. మనుషుల్ని పెడదాం, మంటలొస్తే వాళ్లు ఫోన్లలో చెప్పుకుని తలుపులు తీస్తారు అని! మన ఊరి పెళ్లి పందిరికి కూడా ఇలాంటి ప్లాన్ పనికిరాదు. అనుమతి ఇచ్చే అధికారులు ఒప్పుకోలేదు, సహజంగానే.

ఆ ఎయిర్‌పోర్ట్ ఎప్పుడు తెరుచుకుందో తెలుసా? 2020 అక్టోబర్ 31న. ఎనిమిదేళ్లు దాటింది. ఖర్చు వందల కోట్ల యూరోలు పెరిగింది.

ఇప్పుడు నా ప్రశ్న. మే 7వ తేదీ రాత్రి దాకా ఆ సంగతి ఎవరికీ తెలియదంటారా? కేబుల్ లాగే ఎలక్ట్రీషియన్‌కి తెలియదా? ఫ్యాన్ టెస్ట్ చేసే టెక్నీషియన్‌కి తెలియదా? పొగ సిస్టమ్ ఒక్క రోజులో వెనకబడే పని కాదు. అది నెలల తరబడి వెనకబడుతుంది. పనివాడికి తెలిసిన రోజుకీ, పైవాడు ఒప్పుకున్న రోజుకీ మధ్య ఎన్ని నెలలు పోయాయో, అంతా దండగ కాలమే. ఆరు నెలల ముందు ఒప్పుకుని ఉంటే వాయిదా తప్పకపోవచ్చు, నేను కాదనను. కానీ టికెట్లు అమ్ముడయ్యేవి కావు, షాపులు సరుకు తెచ్చుకునేవి కావు. ఇంకో సంగతి. పరువు పోయిందన్న కోపంలో ఆ నెలలోనే డిజైన్ చేసిన ప్లానర్ల టీమును కూడా తీసేశారు. ఆ చిక్కుముడి ఎలా పడిందో తెలిసినవాళ్లను ముందు బయటికి పంపి, తర్వాత విప్పడానికి కూర్చున్నారు. ఆలస్యంగా వచ్చే చెడ్డ కబురు ఎప్పుడూ ఇలాగే చేస్తుంది. నిదానంగా ఆలోచించే వ్యవధి ఉండదు, కోపమే నిర్ణయాలు తీసుకుంటుంది.

మరి తెలిసినవాళ్లు ఎందుకు చెప్పరు? బద్ధకమా? కాదండీ. నూటికి తొంభై మంది భయంతోనే చెప్పరు. చెబితే ఏమవుతుందో మనకు తెలుసు. "ఇప్పుడా చెప్పేది?" అంటారు. ముందే చెబితే? "అప్పుడే గోలేంటయ్యా, ముందు పని చూడు" అంటారు. ఇంకో రకం మేనేజర్ ఉంటాడు, బాగా చదువుకున్నవాడు. "ప్రాబ్లంతో నా దగ్గరికి రావొద్దు, సొల్యూషన్‌తో రా" అంటాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి! దాని ఫలితం ఏమిటి? పరిష్కారం తన చేతిలో లేని సమస్యను కుర్రాడు జేబులో పెట్టుకుని తిరుగుతాడు. అసలు అలాంటి సమస్యలే కదా పైకి రావాల్సింది? తనే తీర్చుకోగలిగేదైతే మీ దాకా ఎందుకు తెస్తాడు?

భయం లేకపోయినా ఇంకో అడ్డం ఉంది, ఫారం. నాసా వాళ్లు 1998 డిసెంబర్‌లో అంగారకుడి దగ్గరికి ఒక నౌకను పంపారు, మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. ఒక సాఫ్ట్‌వేర్ లెక్కను పౌండ్లలో ఇచ్చింది, రెండోది దాన్ని న్యూటన్లనుకుంది. ఈ కథ మీ అందరికీ తెలుసు, కాలేజీలో యూనిట్ల గురించి చెబుతూ చెప్పే ఉంటారు. చెప్పనిది ఒకటుంది. దారి లెక్కలు చూసే నావిగేటర్లకు ప్రయాణంలోనే తేడా కనబడింది. వాళ్లు ఈమెయిళ్లలో చెప్పారు, మాటల్లో చెప్పారు. కానీ ఇలాంటి తేడాలను నమోదు చేయడానికి ఒక పద్ధతి, ఒక ఫారం ఉంది. ఆ దారిలో అది వెళ్లలేదు. దాని సంగతి తేల్చాల్సిన బాధ్యత ఎవరి మీదా పడలేదు. ప్రయాణం తొమ్మిది నెలలు! 1999 సెప్టెంబర్ 23న నౌక పోయింది.

అంటే ఫారాలు వద్దని కాదు. చెడ్డ కబురు ఏ దారిలో వెళ్లాలో పని మొదలయ్యే ముందే అందరికీ తెలిసి ఉండాలి, ఆ దారి తేలిగ్గా ఉండాలి. మీ సైట్‌లో ఆ దారి ఏది? ఇప్పుడు ఎవరైనా చెప్పగలరా? వాట్సాప్ గ్రూపులో పెడితే చెప్పినట్టేనా? మా రోజుల్లో అయితే కాదు. ఫోన్ చేసి చెప్పి, తర్వాత రాతలో పెట్టాలి. రెండూ కావాలి. ఫోన్ పని కోసం, రాత రేపటి కోసం.

గోదావరి దగ్గర నేర్చుకోవచ్చు

దీనికి మందు దూరాన లేదు. ఇక్కడే ఉంది, ధవళేశ్వరంలో. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. మన ధవళేశ్వరం దగ్గర అయితే ప్రవాహం లెక్క. 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో భద్రాచలం 71 అడుగులు దాటింది, ఇక్కడ 25 లక్షలు దాటింది, మీరే చూశారు.

ఇందులో గొప్పతనం ఏమిటో గమనించారా? గేజి దగ్గర కూర్చున్న ఉద్యోగి ధైర్యవంతుడా, పిరికివాడా అన్న ప్రశ్నే రాదు. 43 అడుగులు వచ్చిందంటే హెచ్చరిక వెళ్లాలి, అంతే. "సార్ ఏమనుకుంటారో, ఇంకో అడుగు చూద్దాం, ఎగువన తగ్గుముఖం పట్టిందట కదా" అని తటపటాయించే అవకాశం అతనికి ఇవ్వలేదు. హెచ్చరిక ఇచ్చినందుకు అతన్ని తిట్టేవాడూ లేడు. ఎందుకు తిడతారు? నీళ్లు తెచ్చింది అతను కాదు కదా. పైగా భద్రాచలంలో అంకె తెలిస్తే, ఆ నీళ్లు ఇక్కడికి చేరేలోపు లంకల్లో మనుషుల్ని, పశువుల్ని గట్టెక్కించొచ్చు. కింద ఉన్నవాడికి వ్యవధి దొరకడం కోసమే పైన కొలత.

మీ ప్రాజెక్టులో 43 అడుగులు ఎంత? పని మొదలుపెట్టక ముందే రాసుకోండి. క్రిటికల్ పాత్‌లో ఉన్న పని, అంటే అది ఆగితే ప్రాజెక్టు మొత్తం ఆలస్యమయ్యే పని, మూడు రోజులు వెనకబడితే ప్రాజెక్ట్ మేనేజర్‌కి. వారం వెనకబడితే హెడ్ ఆఫీసుకి. రెండు వారాలైతే క్లయింట్‌కి. ఈ అంకెలు నా ఇష్టానికి చెబుతున్నాను, మీ పనిని బట్టి మీరు వేసుకోండి. కానీ కిక్ఆఫ్ మీటింగులోనే, అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే, సంతకాలు పెట్టించండి. వరద వచ్చాక గేజి రాయి పాతడానికి ఎవరూ ఒప్పుకోరు.

కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన ఇంజినీరు శ్రీధరన్ గారి రివర్స్ క్లాక్ గురించి విన్నారు కదా? కొంకణ్ రైల్వేలో, తర్వాత ఢిల్లీ మెట్రోలో సైట్లలో పెట్టించారు. గడువుకి ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపించే గడియారం, రోజూ ఒక అంకె తగ్గుతుంది. అది గోడకు తగిలించిన రిపోర్టే. మనం రాసే రిపోర్టు "ఎంత అయింది" అంటుంది, అది "ఎంత మిగిలింది" అంటుంది. ఎంత అయిందో రాస్తే మనసుకి హాయిగా ఉంటుంది. ఎంత మిగిలిందో రాస్తే టెన్షన్ వస్తుంది, రావాలి కూడా. ఢిల్లీ మెట్రో మొదటి దశ గడువుకన్నా రెండేళ్లకు పైగా ముందే పూర్తయింది. అయితే గడియారం తగిలిస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. కొంకణ్ రైల్వేలో కూడా గడియారాలున్నాయి, ఐదేళ్లలో అవుతుందనుకున్నది 1998 జనవరికి గానీ పూర్తి లైను నడవలేదు. గోవాలో పెర్నెం సొరంగం దగ్గర మెత్తటి మట్టి కూలుతూనే ఉంది. రిపోర్టు మట్టిని నిలబెట్టదు. మట్టి నిలబడటం లేదని మనకు త్వరగా చెబుతుంది, అంతవరకే దాని పని.

ఇక ప్రభుత్వ పనులు. దీని గురించి ఎక్కువ చెప్పను, సగం మంది మీరు ఆ పనుల్లోనే ఉన్నారు. కేంద్రంలో గణాంకాల శాఖ 150 కోట్లు, ఆపైన విలువున్న ప్రాజెక్టుల ప్రగతిని గమనిస్తుంది. వాళ్ల నివేదికల్లో ఒక మాట పదే పదే కనబడేది: చాలా ప్రాజెక్టుల్లో సవరించిన అంచనాలు, కొత్త గడువులు సంస్థలు తెలియజేయడం లేదు, కాబట్టి జాప్యం లెక్క అసలు కన్నా తక్కువగానే కనబడుతోంది అని. ఎంత ఆలస్యమైందన్న కబురే ఆలస్యం. ఇంక చెప్పేదేముంది!

మళ్లీ మీ డీపీఆర్ దగ్గరికి వద్దాం. "వర్క్ ఇన్ ప్రోగ్రెస్" అన్న మాట రాయడం మానేయండి, దయచేసి. పని జరుగుతోందని రాయడానికి ఇంజినీరు ఎందుకు, వాచ్‌మన్ చాలడా? శాతాలు కూడా అంతే. తొంభై శాతం దాకా అన్ని పనులూ పరిగెడతాయి, అక్కడికొచ్చి మూడు నెలలు కూర్చుంటాయి. శాతం వద్దు, కొలత రాయండి. ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని ఫుటింగులు, ఎన్ని డోర్ ఫ్రేములు. స్టాక్ కాలమ్‌లో "స్టీల్: ఉంది" అని రాస్తారు. ఉంది సరే, ఎన్నాళ్లకు? ఒక సైట్‌లో నేను చూశాను, వరసగా పది రోజులు "ఉంది" అనే ఉంది. పన్నెండు ఎంఎం రాడ్ గురువారంతో అయిపోతుందని స్టోర్ కీపర్‌కి తెలుసు, అడిగితే ఠక్కున చెప్పాడు. రిపోర్టులో ఆ గడి లేదు కాబట్టి ఎవరూ రాయలేదు. గురువారం సాయంత్రం రాడ్ బెండింగ్ గ్యాంగ్ ఖాళీగా కూర్చుంది, శుక్రవారం ఇంకో సైట్‌కి వెళ్లిపోయింది. వాళ్లను మళ్లీ తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? అదే గడిలో "స్టీల్: గురువారం దాకా" అని రెండు మాటలు రాస్తే సరిపోయేది.

చివరగా డబ్బు సంగతి, ఇది చెబితే అందరూ శ్రద్ధగా వింటారు. అంతర్జాతీయ పనుల్లో ఫిడిక్ షరతులు వాడతారు, అంటే కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య తయారుచేసిన కాంట్రాక్టు షరతులు. 1999 రెడ్ బుక్‌లో 20.1 క్లాజు చూడండి. అదనపు గడువు, అదనపు సొమ్ము కావాలంటే, కారణం తెలిసిన 28 రోజుల్లోపు కాంట్రాక్టరు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ హక్కు పోతుంది. కష్టం నిజమే, నష్టం నిజమే, కానీ కబురు ఆలస్యం. సున్నా!

మన ప్రభుత్వ పనుల్లో హిండ్రన్స్ రిజిస్టర్ ఉంటుంది. స్థలం అప్పగించలేదు, డ్రాయింగ్ రాలేదు, కరెంటు తీగలు మార్చలేదు, ఏ అడ్డంకి ఏ తేదీన మొదలై ఏ తేదీన తీరిందో అందులో రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. గడువు పొడిగించాలన్నా, జరిమానా తప్పాలన్నా అదే ఆధారం. మీలో ఎంతమంది ఆ రిజిస్టర్‌ని అడ్డంకి వచ్చిన రోజునే తెరిచారు? చేతులెత్తమని అడగనులెండి. నేను చూసిన రిజిస్టర్లలో చాలావరకు రెండేళ్ల అడ్డంకులన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీలో, ఒక్క మధ్యాహ్నంలో రాసినవే. ఎండాకాలం అడ్డంకికీ వానాకాలం అడ్డంకికీ సిరా రంగులో పిసరంత తేడా ఉండదు. ఆర్బిట్రేషన్‌కి వెళ్తే అవతలి లాయరు ముందు చూసేది ఆ సిరానే. తర్వాత తేదీలు పట్టుకుంటాడు. ఆదివారం నాడు డిపార్ట్‌మెంట్ ఇంజినీరు ఎలా సంతకం పెట్టాడండీ అని అడుగుతాడు.

టీ వచ్చినట్టుంది. ముందు ప్రశ్నలు అడగండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఆ వెనక ఎవరో చెయ్యెత్తారు, క్లయింటు కోప్పడితే ఏం చేయాలన్నదేగా? రండి, ముందుకు రండి.